గోటిగాటు పడిన ఆనపకాయ

కామేశానికి గరిటె కావాలి.

గరిటె అంటే మరేదో అనుకునేరు. మామూలు ఇత్తడి గరిటె. కాడ ఒకసారి విరిగితే రాగి మేకు కొట్టి బిగించారు. మా మఠంలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఎవరొస్తే వాళ్లకి భోజనం పెడతాం. మొదటి విస్తట్లో మొదటి గరిటె గురువుగారు వడ్డిస్తారు. వడ్డించినన్నాళ్లూ ఆయన పంక్తిలో కూర్చోరు, అందరూ లేచాక వంటింట్లో గోడకి ఆనుకుని ఇంత తింటారు. ఏదో ఒక ఆదివారం ఆ గరిటె ఇంకొకరి చేతిలో పెట్టి, తాను వెళ్లి పంక్తిలో కూర్చుంటారు. ఆ రోజునుంచి వంటశాల గరిటె పట్టినవాడిది. దానికి వేరే మాట లేదు, మంత్రం లేదు. ఇప్పటి మా గురువు తవిటిదాసుగారికి వాళ్ల గురువు అలాగే ఇచ్చారట.

దాసుగారికి డెబ్బై ఎనిమిది దాటాయి. మోకాళ్లు సహకరించడం లేదు. పంక్తి చివరిదాకా నడిచేసరికి రెండుసార్లు స్తంభం పట్టుకుంటున్నారు. ఈ కార్తీకంలోనే గరిటె చేతులు మారుతుందని మా అందరికీ తెలుసు. అందరికంటే బాగా కామేశానికి తెలుసు.

కామేశం మఠానికి వచ్చి నాలుగేళ్లు. అంతకుముందు ఇరవై రెండేళ్లు జనపనార మిల్లులో సెలక్షన్ షెడ్డులో పనిచేశాడు. గోగునార కట్టలోంచి ఒక పోగు లాగి, బొటనవేలి గోటికింద ఒకసారి సాగదీసి, ఇది ఫలానా రకం అని చెప్పేవాడట. తప్పిందన్న మాట లేదట. మిల్లు మూతపడింది, మనిషి మా దగ్గరికొచ్చాడు, గోరు మాత్రం అలాగే ఉండిపోయింది. కుడి బొటనవేలికి గోరు పెంచి, గాజుపెంకు పెట్టి అంచు గీసుకునేవాడు. నాకెందుకు తెలుసంటే నా కత్తిపీట మీద కూడా ఒకసారి గీసుకున్నాడు. మఠంలో కూరలు తరిగే పని నాది.

ఆ గోరుతోనే మఠానికి కూరలు కొనేవాడు. ఆదివారం తెల్లవారేసరికి టౌన్లో రైతుబజారులో ఉండేవాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మొదటి బస్సుకి గంపలు దింపుకునే రైతులకి మఠం కామేశమంటే భయం. ఐదు గుట్టల దగ్గర బెండకాయల కొనలు పుటుక్కుమనిపించి ఆరో గుట్ట కొనేవాడు. ఆనపకాయల దగ్గరైతే సరేసరి. ప్రతి కాయకీ గోరు దింపి, పాలు ఊరిన తీరు చూసి, ముప్ఫయి కాయల్లో పన్నెండు ఏరేవాడు. నిజం ఒప్పుకోవాలి, అతను తెచ్చిన కాయ ఎప్పుడూ ముదురు కాలేదు. నా కత్తిపీట సాక్ష్యం.

బజారు నుంచి వచ్చాక గుమ్మం దగ్గర నిలబడేవాడు. అక్కడా అదే విద్య. భోజనానికి వచ్చినవాళ్లని ఏ ఊరు, ఏం పని, ఇంట్లో వండేవాళ్లు లేరా అని ఆరా తీసేవాడు. మఠం అన్నం అపాత్రదానం కాకూడదని అతని పట్టుదల. అలా నిలబడమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు, ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చేవాడు. యాభై ఏళ్లుంటాయి. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తినేసి, విస్తరి తనే మడిచి పట్టుకెళ్లి తొట్టిలో వేసి వెళ్లిపోయేవాడు. ఒక ఆదివారం కామేశం ఆయన్ని ఆపాడు. బండి మీద వచ్చేవారికి ఈ తిండి దేనికండీ అన్నాడు. ఆయన నిజమేనండి అని, బండి వెనక్కి తిప్పుకున్నాడు. మళ్లీ రాలేదు.

మూడు ఆదివారాలు గడిచాక దాసుగారు పంక్తంతా చూసి, తెల్ల చొక్కా ఆయన రాలేదేం అని అడిగారు. కామేశం జరిగింది చెప్పాడు, కొంచెం గర్వంగానే చెప్పాడు. దాసుగారు విని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం కామేశానికి గుచ్చుకుంది.

ఆ సాయంత్రం నేను విస్తళ్లు కుడుతుంటే అతను వెళ్లి దాసుగారి ముందు కూర్చున్నాడు.  నాలుగేళ్లలో ఒక్క ముదురు కాయ తేలేదన్నాడు. ఒక్క ముద్ద దారి తప్పనివ్వలేదన్నాడు. "అయినా మీ కన్ను నా మీద నిలవడం లేదు. నాలో ఏం లోపం ఉందో చెప్పండి, దిద్దుకుంటాను."

దాసుగారు మోకాళ్లకి నూనె రాసుకుంటున్నారు. నూనె గిన్నె పక్కన పెట్టారు.

"వచ్చే ఆదివారం బజారుకి నేనూ వస్తాను," అన్నారు.

*

ఆటోలోంచి దాసుగారిని దించడానికి కామేశం, నేను ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. బజారు అప్పుడప్పుడే నిండుతోంది. ధరల బోర్డు మీద సుద్దముక్కతో రాస్తున్నారు. మంచు తడికి కొత్తిమీర వాసన గేటుదాకా వస్తోంది. కార్తీకం కదా, ఊరంతా నీచు మానేసి కూరల మీద పడింది. ఒక బోర్లించిన గంప మీద దాసుగారు కూర్చున్నారు. కామేశం పని మొదలుపెట్టాడు.

గురువుగారు చూస్తున్నారని ఆ రోజు మరింత శ్రద్ధగా చేశాడు. బెండకాయల దగ్గర ఏడు గుట్టలు తిరిగాడు. అసిరమ్మ ఆనపకాయల ముందు గొంతుక్కూర్చున్నాడు. అసిరమ్మ కాలవగట్టు ఊరి మనిషి, ఇంటి వెనక పాతిక సెంట్లలో పందిరి వేసి ఆనప పండిస్తుంది. తెల్లారకట్ల కోసి, కాయకీ కాయకీ మధ్య గడ్డి పెట్టి, ఒరుసుకోకుండా తెస్తుంది. కామేశం ఒక్కొక్క కాయా ఎత్తి, గోరు దింపి, పక్కన పెట్టాడు. ఆమె ప్రతిసారీ కళ్లు చిట్లించింది కానీ ఏమీ అనలేదు. మఠానికి పోయే కాయలని గౌరవం.

సంచులు నిండాక కామేశం నుదురు తుడుచుకుంటూ వచ్చాడు. దాసుగారు లేచి, ఖాళీ గంప ఒకటి అతని చేతికిచ్చారు. నా భుజం పట్టుకుని, కామేశం ఎలా వెళ్లాడో అదే దారిన బయల్దేరారు. ప్రతి గుట్ట దగ్గరా ఆగారు. కొన విరిగి మిగిలిపోయిన బెండకాయలు ఏరారు. అసిరమ్మ దగ్గర గోటిగాటు పడి పక్కకి పోయిన ఆనపకాయలన్నీ, గంప అడుగున గోరు తగలకుండా మిగిలిన ఒక్క కాయా కొన్నారు. బీరకాయలూ అంతే. గంప పట్టుకుని వెనక నడుస్తున్న కామేశం ముఖం చూడలేక నేను ధరల బోర్డు చూశాను.

ఆ రోజు నాకు రెట్టింపు తరుగుడు. తొక్క తీశాక ఏది ఎవరు కొన్నదో నాకే తెలియలేదు. గాటు పడిన కాయలూ లేతవే. ఇంకా లేతవి దొరికాయని వదిలేసినవి. దప్పళం పెద్ద గంగాళంలో కాచాం, తిన్నవాళ్లు మారు అడిగారు.

రెండు ఆనపకాయలు మాత్రం దాసుగారు కొయ్యనివ్వలేదు. ఒకటి గాటు పడింది, ఒకటి పడనిది. రెండూ అసిరమ్మవే, ఒకే తీగవి కూడా కావచ్చు. కామేశం చాప పరుచుకునే చోట అరుగు మీద పక్కపక్కన పెట్టించారు.

"కదపకు," అన్నారు. అంతే.

సోమవారానికి గాటు చుట్టూ గోధుమరంగు తిరిగింది. బుధవారానికి నల్లబడింది. శుక్రవారం వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది, చీమలు బారు కట్టాయి. రెండో కాయ కోసుకొచ్చిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది, నూగు కాస్త రాలిందేమో. కామేశం పొద్దున్న లేవగానే ముందు వాటికేసి చూసేవాడు. చూసి ముఖం తిప్పుకునేవాడు. నాలుగేళ్ల ఆదివారాలు లెక్క వేసుకుంటున్నాడేమో, నాకు తెలియదు. అన్నం సరిగ్గా తినలేదన్నది మాత్రం తెలుసు.

శనివారం మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఈసారి గొంతులో రోషం ఉంది.

"నలుగురికి పెట్టే అన్నం. మంచిది ఏరుకోవడం తప్పా దాసుగారూ?"

"తప్పని ఎవడన్నాడు?" అన్నారాయన. "చెయ్యి ఇలా తే."

కుడిచెయ్యి చాపాడు. దాసుగారు బొటనవేలు అటూ ఇటూ తిప్పి చూశారు. పాత పంచె అంచు చింపి, పసుపునీళ్లలో తడిపి, వేలికి నాలుగు చుట్లు చుట్టి, పంటితో ముడి బిగించారు.

"నాకేం దెబ్బ తగల్లేదండీ."

"తగిలినవాటికి కట్టలేం కదా," అన్నారు దాసుగారు.

*

ఎడమ బొటనవేలు ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ ఇరవై ఆరేళ్ల విద్య కుడి గోటిలో ఉండిపోయింది. ఆ ఆదివారం రైతుబజారులో కామేశం చంటిపిల్లాడిని ఎత్తుకోవడం రానివాడిలా నిలబడ్డాడు. బెండకాయ ఎత్తాడు, దించాడు. సంచులు మోయడానికి వెంట వెళ్లిన నేను ఏమీ సాయం చేయలేదు. కొంత దాసుగారి మీద గౌరవం, కొంత నా సరదా.

తిరిగి తిరిగి అసిరమ్మ ముందుకొచ్చి ఆగాడు. ఆమె కట్టు చూసి కంగారు పడింది.

"అయ్యో, ఏలికి ఏటయింది బాబూ?"

అతని గోటితో నాలుగేళ్లు కాయలు పాడుచేసుకున్న మనిషి అడిగింది ఆ మాట. కామేశం కట్టు చేతిని వెనక్కి పెట్టుకున్నాడు. గుట్టకేసి చూస్తూ, పక్కవాళ్లకి వినపడకుండా అడిగాడు.

"వీటిలో లేతవి ఏవమ్మా?"

అసిరమ్మ నవ్వింది. కొంగుకి చేతులు తుడుచుకుంది. ఒక కాయ ఎత్తి, వెలుతురుకి ఏటవాలుగా పట్టి, అతని ఎడమచెయ్యి తీసుకుని కాయ మీద ఆనించింది. సన్నటి నూగు. పసిపిల్లల చెంప మీద ఉంటుందే, అలాంటిది. నూగు ఉంటే లేత, అది రాలి నునుపుదేరితే ముదురు అని చెప్పింది. తొడిమ పచ్చగా ఉందో లేదో చూసుకోమంది. కాయ చూపుకి ఉన్నదానికంటే చేతికి బరువుండాలంది. ఆ మాటలు చెబుతూనే పద్నాలుగు కాయలు ఏరి ఇచ్చింది. రెండు పక్కన పెట్టేసి, అవి ముదిరిపోయాయి, విత్తనానికి ఉంచుకుంటానంది.

కామేశం ఆ రెండు కాయలకేసి చూశాడు.

"ముదురువని నువ్వే చెప్పేస్తున్నావే."

"నేను పెంచిన కాయ నాకు తెల్దా బాబూ? సెప్పకపోడానికేటుంది?"

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"తవరెప్పుడడిగినారు?" అంది అసిరమ్మ.

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అంది. కామేశం అక్కడే గొంతుక్కూర్చుండిపోయాడు. ఇంకొకరెవరో వచ్చి, ఆనపకాయ ఎత్తి గోరు దింపబోతే, అతని కట్టు కట్టిన చెయ్యి దానంతట అదే వెళ్లి అడ్డుపడింది. ఆవిణ్ని అడగండమ్మా, చెబుతుంది, అన్నాడు. ఆ వచ్చినావిడ విడ్డూరంగా చూసింది, తర్వాత అడిగింది.

మిగతా కూరలన్నీ అలాగే కొన్నాడు. ప్రతి గంప దగ్గరా అడిగాడు. బీరకాయలాయన ఈ వారం బాగాలేవు, వంగ తీసుకోండి అని పక్క గంప చూపించాడు. బెండకాయల ముసలాయనకి చెవులు వినపడవు, సైగ చేస్తే లేతవి తనే ఏరి చూపించాడు. రోజూ కంటే ముందే సంచులు నిండాయి. ఒక్క కొన విరగలేదు.

గేటు బయట టీకొట్టు దగ్గర మోటారు సైకిలు ఆగి ఉంది. నేను చూసీ చూడనట్టు ఆటోలో సంచులు సర్దుతున్నాను. బెంచీ చివర, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. గ్లాసు చేతిలో పట్టుకుని ఎటో చూస్తున్నాడు.

కామేశం ఆగిపోయాడు. నన్ను చూశాడు, వేలి కట్టు చూసుకున్నాడు. క్షమించమంటాడనుకున్నాను. లేకపోతే అలవాటు చొప్పున ఇన్నాళ్లూ ఏమయ్యారని ఆరా తీస్తాడనుకున్నాను. రెండూ కాలేదు. వెళ్లి బెంచీ పక్కన నిలబడ్డాడు.

"ఈ పూట ఆనపకాయ దప్పళం అండి. మీకు ముక్క ఎక్కువ కావాలా, పులుసు ఎక్కువ కావాలా?"

ఆయన తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. గ్లాసు బెంచీ మీద పెట్టి, చొక్కా చేతులు సర్దుకున్నాడు. 

"ముక్క," అన్నాడు.

ఆయనెవరో, ఇంట్లో ఎవరున్నారో, మా దగ్గరికి ఎందుకొస్తాడో ఇప్పటికీ మాకు తెలియదు.

*

మధ్యాహ్నం పంక్తి పడింది. గుమ్మం దగ్గర ఎవరూ నిలబడలేదు. తెల్ల చొక్కా ఆయన అందరికంటే చివర, స్తంభం పక్కన కూర్చున్నాడు. దాసుగారు గంగాళం దగ్గరికొచ్చి, మొదటి విస్తట్లో మొదటి గరిటె వడ్డించారు. రెండో విస్తరి దగ్గర ఆగారు. మోకాలు నొప్పేమోనని నేను పట్టుకోబోయాను.

నొప్పి కాదు. గరిటె తిప్పి, కాడ కామేశం వైపు చాపారు.

కామేశం కదల్లేదు. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూపించాడు, ఈ చేత్తోనా అన్నట్టు. దాసుగారు ఆ చేతిలోనే పెట్టి, వేళ్లు కాడ చుట్టూ మూశారు. తర్వాత గోడ పట్టుకుంటూ పంక్తి పొడుగునా నడిచి, తెల్ల చొక్కా ఆయన పక్కన ఖాళీగా ఉన్న విస్తరి ముందు మెల్లగా కూలబడ్డారు.  నా చేతిలో నీళ్లచెంబు అలాగే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కామేశం వడ్డించడం మొదలుపెట్టాడు. మొదట్లో కట్టుకి కాడ జారి పులుసు నేలమీద పడింది. తర్వాత కుదురుకుంది. ప్రతి విస్తరి ముందూ వంగి అడిగాడు, ముక్కా, పులుసా అని. కొందరు తడబడ్డారు, అన్నం పెట్టేచోట అలా అడగడం వాళ్లకి కొత్త. ఒక ముసలమ్మ నాకు పళ్లు లేవు నాయనా, పులుసే పొయ్యి అంది. ఒక పిల్ల రెండూ అంది. స్తంభం దగ్గరికొచ్చేసరికి తెల్ల చొక్కా ఆయన్ని అడగలేదు, పొద్దున్నే అడిగాడు కదా. గంగాళంలోంచి మంచి ముక్కలు నాలుగు ఏరి వేశాడు. ఆయన చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఆఖరి విస్తరి దాసుగారిది. కామేశం మోకాళ్ల మీద కూర్చుని, తలవంచి, కళ్లెత్తకుండా, భయంభయంగా గరిటె నిండా దప్పళం ముంచి విస్తట్లోకి వంచబోయాడు.

దాసుగారు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"నన్ను అడగవేం?" అన్నారు.